కెమెరా దిగి వెళ్లిన ఫ్లాష్: ఒక రేడియో డబ్బా చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దగా ఉండే ఒక ప్లాస్టిక్ డబ్బా గురించి మాట్లాడుకుందాం. ఈ మధ్య ఏ పెళ్లికి వెళ్లినా మీరు దాన్ని చూసే ఉంటారు. ఫోటోగ్రాఫర్ కెమెరా నెత్తి మీద ఫ్లాష్ ఉండాల్సిన చోట చిన్న స్క్రీన్, నాలుగు బటన్లు ఉన్న డబ్బా ఒకటి కూర్చుని ఉంటుంది. అసలు ఫ్లాష్ మాత్రం పదిహేను అడుగుల అవతల, స్టాండ్ మీద, తెల్ల గొడుగులో ఉంటుంది. ఇక్కడ క్లిక్ అనగానే అక్కడ వెలుగుతుంది. మధ్యలో వైరు లేదు. ఆ డబ్బా పేరు రేడియో ట్రిగ్గర్.

"దీనికి కూడా చరిత్ర ఉంటుందా బ్రో, బ్లూటూత్ లాంటిదేగా" అంటారేమో. ఉంటుంది. ఇందులో పేలిన మందు ఉంది, కాలిన ఇళ్లు ఉన్నాయి, ఒక ఆవిరి రైలు ఉంది, కలకత్తాలో మోగిన ఒక గంట ఉంది, మన ప్రభుత్వం 2005లో ఇచ్చిన ఒక నోటిఫికేషన్ కూడా ఉంది. ఆ నోటిఫికేషనే ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యం. ఎందుకో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ముందు ఒక బేసిక్ ప్రశ్న. ఫ్లాష్‌ని కెమెరా నుంచి దూరంగా ఎందుకు పెట్టాలి?

మీ ఫోన్‌తో చీకట్లో ఫ్లాష్ ఆన్ చేసి ఫ్రెండ్ ఫోటో తీయండి. ముఖం చపాతీలా ఫ్లాట్‌గా, నుదురు మెరుస్తూ, వెనక గోడ మీద నల్లటి నీడతో వస్తుంది. ఓటర్ కార్డు ఫోటోకి చెల్లెల్లా ఉంటుంది. కారణం సింపుల్. లెన్స్ ఎటు నుంచి చూస్తోందో వెలుగు కూడా అటు నుంచే వస్తోంది, కాబట్టి ముక్కు నీడ, చెంప నీడ ఏవీ కెమెరాకి కనపడవు. మన కన్ను ఒక వస్తువు గుండ్రంగా ఉందని గుర్తుపట్టేదే నీడల వల్ల. సాయంత్రం అరుగు మీద కూర్చున్న అమ్మమ్మ ముఖం అంత బాగా ఎందుకు ఉంటుంది? ఎండ పక్కనుంచి పడుతుంది కాబట్టి. ఫ్లాష్‌ని పక్కకి, కాస్త పైకి జరిపితే ఆ సాయంత్రాన్ని రాత్రి పదకొండింటికి కూడా తెచ్చుకోవచ్చు. ఈ కథంతా ఆ నాలుగు అడుగుల పక్కకి జరపడం కోసమే.

తమాషా ఏంటంటే, మొదట్లో ఫ్లాష్ కెమెరా మీద లేనే లేదు. అది పుట్టిందే విడిగా.

1851లో ఇంగ్లండ్‌లో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ ఒక ప్రయోగం చేశాడు. చక్రానికి న్యూస్‌పేపర్ కాగితం అంటించి గిర్రున తిప్పాడు. గది చీకటి చేసి, లెన్స్ తెరిచి ఉంచి, లేడెన్ జాడీలలో దాచిన కరెంటుని ఒక్కసారిగా వదిలాడు. ఠప్పుమని ఒక నిప్పురవ్వ. తిరుగుతున్న కాగితం ఆగిపోయినట్టు ఫోటోలో పడింది. అక్కడ కెమెరాకీ నిప్పురవ్వకీ మధ్య ఏ కనెక్షనూ లేదు. గది చీకటిగా ఉంది కాబట్టి లెన్స్ ఎంతసేపు తెరిచి ఉన్నా ఫర్వాలేదు, ఫోటో పడేది వెలుగు వచ్చిన ఆ క్షణంలోనే.

తర్వాత మెగ్నీషియం వచ్చింది. 1887లో జర్మనీలో అడాల్ఫ్ మీథే, యోహానెస్ గైడికే అనే ఇద్దరు మెగ్నీషియం పొడిలో పొటాషియం క్లోరేట్ లాంటివి కలిపి ఫ్లాష్ పౌడర్ తయారు చేశారు. ఒక్కసారి భగ్గుమని మండే మందు. మన దీపావళి మందుకి దగ్గరి చుట్టం. అదే సంవత్సరం న్యూయార్క్‌లో జేకబ్ రీస్ అనే పోలీస్ రిపోర్టర్ ఈ వార్త పేపర్లో చదివాడు. అతనికి ఒక అవసరం ఉంది. ఆ ఊళ్లో వలస కూలీలు కిటికీలు కూడా లేని గదుల్లో కుక్కుకుని బతుకుతున్నారు. రీస్ ఎంత రాసినా ఎవరికీ చలనం లేదు. చీకటి గదుల్ని సులువుగా ఫోటో తీసే మార్గం అప్పటిదాకా అతనికి లేదు. ఈ పౌడర్‌తో అతనికి దారి దొరికింది. మొదట తుపాకీ లాంటి పరికరంతో కాల్చేవాడు. రాత్రిపూట తెలియని మనుషులు గదిలోకి వచ్చి తుపాకీ తీస్తే ఎవరైనా ఏమవుతారు? అందుకే అది మానేసి, వంటింటి పెనం మీద పౌడర్ పోసి వెలిగించడం మొదలుపెట్టాడు.

ఆ ఫోటోలతో 1890లో 'హౌ ది అదర్ హాఫ్ లివ్స్' అనే పుస్తకం వచ్చింది. న్యూయార్క్‌లో పేదల ఇళ్ల గురించి జరిగిన సంస్కరణల్లో దానికి పెద్ద పాత్ర ఉంది. కానీ ఖర్చు చూడండి. ఈ పౌడర్‌తో రెండుసార్లు ఇంటికి, ఒకసారి తనకే నిప్పంటించుకున్నానని రీస్ స్వయంగా రాసుకున్నాడు. ఆరోజు కళ్లద్దాలు పెట్టుకుని ఉండబట్టి కళ్లు మిగిలాయి. ఆ ఫోటోల్లోని మనుషుల్ని ఒకసారి గమనించండి, చాలామంది కళ్లలో బెదురు కనిపిస్తుంది. నిద్రపోతున్నవాళ్ల గదిలో పెనం మీద మందు భగ్గుమంటే అంతే కదా. వెలుగుకి అప్పట్లో ఆ ధర ఉండేది, దాన్ని ఎక్కువగా కట్టింది ఫోటోలో ఉన్నవాళ్లే.

ఇప్పుడు అదే కాలంలో మన దేశానికి వద్దాం. 1895. కలకత్తా టౌన్ హాల్. జగదీశ్ చంద్రబోస్ జనం ముందు ఒక ప్రదర్శన ఇచ్చారు. ఒక చోట రేడియో తరంగాలు పుట్టించారు. అవి గోడలు దాటి అవతలికి వెళ్లాయి. అక్కడ ఒక గంట మోగింది, కొంచెం గన్‌పౌడర్ పేలింది. మధ్యలో వైరు లేదు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. తరంగం వెళ్లింది, దూరంగా ఉన్న మందు అంటుకుంది. ఇది రేడియో ట్రిగ్గర్ కాక ఇంకేంటి? అమెరికాలో ఫోటోగ్రాఫర్లు చేత్తో మందు వెలిగించుకుని చేతులు కాల్చుకుంటున్న రోజుల్లోనే, మనవాడు దూరం నుంచి మందు వెలిగించి చూపించాడు. బోస్ ఫోటోగ్రఫీ కోసం చేయలేదు, ఆయనకి కావలసింది తరంగాల స్వభావం తెలుసుకోవడం. ఆయన వాడిన తరంగాల్లో కొన్ని ఐదారు మిల్లీమీటర్ల పొడవువి. ఇప్పటి లెక్కలో అది దాదాపు 60 గిగాహెర్ట్జ్. మన వైఫై కంటే ఎంతో పైన. ఐడియా ఉంది, అవసరం ఉంది, కానీ రెండూ ఒకే టేబుల్ మీదకి వచ్చి మార్కెట్‌లో వస్తువు కావడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది.

ఎందుకు పట్టింది? మధ్యలో ఫ్లాష్ కెమెరా ఎక్కింది కాబట్టి.

1930 ప్రాంతంలో జర్మనీలో ఫ్లాష్ బల్బు వచ్చింది. గాజు బల్బులో సన్నటి అల్యూమినియం రేకు, చుట్టూ ఆక్సిజన్. కరెంటు ఇస్తే లోపలే మండిపోతుంది. పొగ లేదు, నిప్పు బయటికి రాదు. ఒక్కసారికే పనికొస్తుంది, తర్వాత పారేయాలి. పైగా ఇప్పుడు బ్యాటరీతో వెలుగుతుంది కాబట్టి షట్టర్‌తో కలిపి వెలిగించవచ్చు. షట్టర్ తెరుచుకునే క్షణం, బల్బు వెలిగే క్షణం ఒకటే కావాలి. దీన్నే సింక్ అంటారు. సింక్ కావాలంటే రెంటి మధ్య వైరు కావాలి. వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత సౌకర్యం. అలా ఫ్లాష్ వచ్చి కెమెరాకి అతుక్కుపోయింది. పాత హాలీవుడ్ సినిమాల్లో ప్రెస్ ఫోటోగ్రాఫర్ల కెమెరా పక్కన పళ్లెం లాంటి రిఫ్లెక్టర్ ఉంటుంది చూడండి, అది ఇదే. పని సులువైంది, ఫోటో ఫ్లాట్ అయింది.

వైరుతో ఎంత దూరం వెళ్లొచ్చో చూపించిన మొనగాడు ఒకడున్నాడు. ఓ. విన్స్టన్ లింక్. సివిల్ ఇంజినీరింగ్ చదివి ఫోటోగ్రఫీలోకి వచ్చినవాడు, కాబట్టి నాకు కొంచెం ఎక్కువ ఇష్టం. 1955 నుంచి ఐదేళ్లపాటు అమెరికాలో నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వేలో చివరి ఆవిరి ఇంజిన్లని ఫోటోలు తీశాడు. చాలావరకు రాత్రిపూట. ఎందుకంటే పగలైతే సూర్యుడు ఎక్కడుంటే అక్కడే వెలుగు. రాత్రి అయితే వెలుగు ఎక్కడుండాలో తనే నిర్ణయించుకోవచ్చు.

1956లో వెస్ట్ వర్జీనియాలోని అయేగర్ అనే ఊళ్లో తీసిన ఫోటో చాలా ఫేమస్. ఓపెన్ థియేటర్‌లో కార్లలో కూర్చుని జనం సినిమా చూస్తుంటారు, వెనక నుంచి ఆవిరి రైలు దూసుకుపోతుంటుంది. ఆ ఒక్క ఫోటోకి నలభైకి పైగా బల్బులు వెలిగించాడు. అన్నీ వైర్లతో సిరీస్‌లో కలిపి. సిరీస్ అంటే మన పాత సీరియల్ లైట్ల దండ లాంటిది, ఒక్కటి పోతే ఏదీ వెలగదు. రైలు ఒక్కసారే వెళ్తుంది. బల్బులు ఒక్కసారే వెలుగుతాయి. మీటర్లకొద్దీ వైరు పరిచి, ప్రతి జాయింటూ చెక్ చేసుకుని, చీకట్లో రైలు కూత కోసం ఎదురుచూడాలి. ఫ్లాష్ వెలుగుకి థియేటర్ తెర తెల్లబోయింది కాబట్టి, తెర మీద కనిపించే విమానాన్ని తర్వాత డార్క్‌రూమ్‌లో కలిపాడు. ఫోటోషాప్‌కి ముందే ఫోటోషాప్ అన్నమాట.

ఇదే సమయానికి బల్బుకి పోటీ వచ్చేసింది. 1931లో ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ ఎలక్ట్రానిక్ ఫ్లాష్ మీద పని మొదలుపెట్టాడు. కెపాసిటర్‌లో కరెంటు నింపి, గ్యాస్ ఉన్న గాజు గొట్టంలోకి ఒక్కసారిగా వదలడం. టాల్బట్ చేసిన పనే, కానీ మళ్లీ మళ్లీ చేయగలిగేలా. పాల చుక్క పడి కిరీటంలా లేచే ఫోటో మీరు చూసే ఉంటారు, అది ఎడ్జర్టన్‌దే. ఈరోజు పెళ్లిలో కుయ్యిమంటూ చార్జ్ అయ్యే ఫ్లాష్‌లన్నీ ఆయన వారసులే.

ఫ్లాష్ మారింది, వైరు మాత్రం మారలేదు. ఆ వైరు చివర గుండ్రటి చిన్న పిన్నుని పీసీ సాకెట్ అంటారు. పర్సనల్ కంప్యూటర్ కాదండోయ్. ప్రొంటర్, కాంపర్ అనే రెండు జర్మన్ షట్టర్ల పేర్లలో మొదటి అక్షరాలు. ఫోటోగ్రాఫర్లు ఆ పిన్నుని తిట్టినంతగా బహుశా ఇంకే వస్తువునీ తిట్టి ఉండరు. కొంచెం లాగితే చాలు, ఊడిపోతుంది.

వైరు లేకుండా చేయడానికి వచ్చిన మొదటి చవకైన ఉపాయం స్లేవ్ ఫ్లాష్. కెమెరా మీద చిన్న ఫ్లాష్ వెలుగుతుంది. దూరంగా ఉన్న రెండో ఫ్లాష్‌కి ఒక సెన్సర్ ఉంటుంది, అది ఆ వెలుగుని చూసి తన ఫ్లాష్‌ని కూడా వెలిగిస్తుంది. వెలుగుతోనే వెలుగుని పిలవడం. ఐడియా బ్రహ్మాండం. గదిలో మీరొక్కరే ఉంటే.

ఇక్కడ మా బాబాయ్ గురించి చెప్పాలి. ఆయనకి తణుకులో చిన్న స్టూడియో ఉండేది. నేను రెండో క్లాసో మూడో క్లాసో. వేసవి సెలవుల్లో పెళ్లిళ్లకి నన్ను వెంట తీసుకెళ్లేవాడు. నా ఉద్యోగం లైట్ స్టాండ్. అంటే స్లేవ్ ఫ్లాష్ పట్టుకుని స్టూల్ మీద నిలబడటం. "ఒరేయ్, ఎత్తి పట్టుకో, నిద్రపోకు" అనేవాడు ప్రతి పది నిమిషాలకీ. అప్పటికి పల్లెటూరి పెళ్లిళ్లలో ఇంకా రీలు కెమెరాలే. సమస్య ఏంటంటే, తలంబ్రాల టైముకి చుట్టాల చేతుల్లో కూడా కెమెరాలు లేచేవి. ఎవరి కెమెరా మెరిసినా నా చేతిలోని ఫ్లాష్ కూడా మెరిసేది. దానికి ఎవరి వెలుగైనా ఒకటే. మళ్లీ చార్జ్ అవడానికి ఐదారు సెకన్లు. సరిగ్గా ఆ ఐదారు సెకన్లలో బాబాయ్ క్లిక్ చేస్తే నా ఫ్లాష్ వెలగదు. ఆ ఫ్రేమ్ చీకటి. పైగా రీలు కడిగేదాకా తెలియదు. తలంబ్రాలు రెండోసారి పోయమని అడగలేం కదా. ఆల్బమ్ ఇచ్చే రోజు బాబాయ్ ముఖంలో ఒక టెన్షన్ ఉండేది, అది నాకు ఇప్పటికీ గుర్తు.

ఇక రేడియో. తరంగానికి ఎదురుగా కనపడాల్సిన అవసరం లేదు, ఎండతో పని లేదు, చుట్టాల ఫ్లాష్‌తో గొడవ లేదు. ఫ్లాష్ కోసం తొలి రేడియో పరికరాలు పాకెట్‌విజార్డ్ కంటే ముందే ఉన్నాయి. కానీ వాటి సిగ్నల్ చాలా సాదా. ఆ ఫ్రీక్వెన్సీలో ఏది అరిచినా "నన్నే పిలిచారు" అనుకుని వెలిగిపోయే రకం. 1990లలో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం నుంచి ఎల్‌పీఏ డిజైన్ అనే కంపెనీ పాకెట్‌విజార్డ్ తెచ్చింది. ఇందులో సిగ్నల్ డిజిటల్ కోడ్‌గా వెళ్తుంది. రిసీవర్ కోడ్ చూసి, తనదే అయితేనే ఫ్లాష్‌ని వెలిగిస్తుంది. వాచ్‌మన్ ఎవరు తలుపు తట్టినా తీయకుండా, పేరు అడిగి తీసినట్టు.

దీన్ని ముందుగా బాగా వాడుకున్నవాళ్లలో స్పోర్ట్స్ ఫోటోగ్రాఫర్లు ఉన్నారు. అమెరికాలో బాస్కెట్‌బాల్ స్టేడియంల పైకప్పులో పెద్ద పెద్ద ఫ్లాష్‌లు బిగిస్తారు. అక్కడి నుంచి కోర్టు దాకా వైరు లాగడం అంటే ఒక రోజు పని. రేడియో ఆ వైరుని తీసేసింది. నలుగురు ఫోటోగ్రాఫర్లుంటే నలుగురికీ నాలుగు చానళ్లు.

ఇక్కడ కొంచెం ఇంజినీరింగ్. నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో లేటెన్సీ అనే మాట రోజుకి పదిసార్లు విన్నాను. ఈ డబ్బాలో కూడా అసలు సమస్య లేటెన్సీయే. డీఎస్ఎల్ఆర్ షట్టర్‌లో రెండు తెరలుంటాయి. మొదటిది తెరుచుకుంటుంది, రెండోది వెనకే వచ్చి మూస్తుంది. ఫ్లాష్ వెలగాల్సింది రెండూ అడ్డం లేని క్షణంలో. షట్టర్ స్పీడు సెకనులో 250వ వంతు అంటే మొత్తం 4 మిల్లీసెకన్లు. తెర కదలడానికే అందులో చాలా భాగం పోతుంది. ఫ్లాష్‌కి మిగిలేది సుమారు ఒక మిల్లీసెకను. ఆ కిటికీ దాటాక ఫ్లాష్ వెలిగితే రెండో తెర అప్పటికే దిగడం మొదలవుతుంది. ఫోటో కింది భాగంలో నల్లటి పట్టీ వస్తుంది.

రేడియో తరంగం నెమ్మదా? కాదు. 30 మీటర్లు వెళ్లడానికి సెకనులో కోటో వంతు చాలు. ఆలస్యం అంతా మెసేజ్ తయారు చేయడంలో, అవతల చదవడంలో ఉంది. కోడ్ పొడవు పెంచితే పొరపాటు వెలుగులు తగ్గుతాయి కానీ ఆలస్యం పెరుగుతుంది. కోడ్ తగ్గిస్తే వేగం, కానీ ఎవరు పిలిచినా వెలుగుతుంది. ఈ రెంటి మధ్య బేరమే ట్రిగ్గర్ డిజైన్ అంతా.

పాకెట్‌విజార్డ్ బాగానే ఉంది, ధర బాలేదు. 2000ల మధ్యలో పంపేది ఒకటి, అందుకునేది ఒకటి కలిపితే 300 డాలర్లు దాటేది. మన తణుకు స్టూడియోకి అది కెమెరా ధర.

2006లో బాల్టిమోర్ సన్ పత్రిక ఫోటోగ్రాఫర్ డేవిడ్ హాబీ 'స్ట్రోబిస్ట్' అని ఇంటర్నెట్‌లో రాయడం మొదలుపెట్టాడు. పెద్ద స్టూడియో లైట్లు అక్కర్లేదు, ఒక చిన్న పాత ఫ్లాష్, ఒక స్టాండ్, ఒక గొడుగు చాలు, కెమెరా మీద నుంచి ఫ్లాష్ దించండి అని పాఠాలు. ఉచితంగా. ప్రపంచం నలుమూలల నుంచి కుర్రాళ్లు చదివారు. అందరికీ ట్రిగ్గర్ కావాలి, అందరి దగ్గరా 300 డాలర్లు లేవు. ఆ ఖాళీలోకి హాంకాంగ్, షెన్‌జెన్ నుంచి చవక ట్రిగ్గర్లు వచ్చాయి. కాక్టస్ లాంటివి. నాలుగంటే నాలుగు చానళ్లు, ఒకసారి వెలుగుతాయి, ఒకసారి అలుగుతాయి. అయినా కొన్నారు. 2010 నాటికి యాంగ్‌నువో లాంటి కంపెనీలు 2.4 గిగాహెర్ట్జ్ ట్రిగ్గర్లు తెచ్చాయి. చవక, పైగా నమ్మకం కూడా.

అంత చవక ఎలా అయింది? ఇదే నేను మొదట్లో చెప్పిన పాయింట్.

రేడియో తరంగం పంపాలంటే మామూలుగా ప్రభుత్వ అనుమతి కావాలి. మన దేశంలో 1980ల దాకా ఇంట్లో పాటలు వినే రేడియోకి కూడా లైసెన్స్ ఉండేది. ఏటా పోస్టాఫీసులో ఫీజు కట్టాలి. మీ తాతయ్యని అడగండి, ఆ పుస్తకం గుర్తుంటుంది. కానీ కొన్ని ఫ్రీక్వెన్సీలు పనికిరానివని పక్కన పెట్టారు. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఫ్యాక్టరీ యంత్రాలు, వైద్య పరికరాలు లాంటివాటి కోసం కొన్ని బ్యాండ్‌లు కేటాయించారు. మైక్రోవేవ్ ఓవెన్ ఉన్న 2.4 గిగాహెర్ట్జ్ అందులోదే. ఓవెన్ల చప్పుడు మధ్య కమ్యూనికేషన్ ఎవరు చేస్తారు? అందుకే వాటిని చెత్త బ్యాండ్‌లు అనేవారు.

1985లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఒక నిర్ణయం తీసుకుంది. ఈ బ్యాండ్‌లలో తక్కువ పవర్‌తో, కొన్ని షరతులకు లోబడి, లైసెన్స్ లేకుండా ఎవరైనా సిగ్నల్ పంపుకోవచ్చు అని. వైఫై, బ్లూటూత్ పెరిగింది ఆ ఖాళీ స్థలంలోనే. మన దేశంలో 2005 జనవరిలో 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు తక్కువ పవర్ పరికరాలకి లైసెన్స్ మినహాయిస్తూ నోటిఫికేషన్ వచ్చింది. ప్రపంచమంతా ఒకే బ్యాండ్ తెరిచేసరికి ఒకే రకం చిప్ కోట్లలో తయారైంది. వైర్‌లెస్ మౌస్‌లో, బొమ్మ హెలికాప్టర్లో ఉండే రకం చిప్. కోట్లలో తయారైతే ధర రూపాయల్లోకి దిగుతుంది. ఆ చిప్‌నే ఎవరో ఫ్లాష్‌కి కలిపారు. అంతే.

అందుకే నేనంటాను, ఈ డబ్బాని మన ఊరి ఫోటోగ్రాఫర్ చేతిలో పెట్టింది ఏ ఒక్క కెమెరా కంపెనీయో కాదు. పెద్ద కంపెనీలు ఆలస్యంగానే వచ్చాయి. కానన్ ఫ్లాష్‌లో రేడియో పెట్టింది 2012లో, నికాన్ 2016లో. అప్పటికే షెన్‌జెన్ డబ్బాలు ఊరూరా తిరుగుతున్నాయి. ఇప్పుడు గోడాక్స్ లాంటి వాటిలో రిసీవర్ ఫ్లాష్ లోపలే ఉంటుంది, కొన్ని వేల రూపాయల్లో వస్తుంది. దీని వెనకున్న అసలు విషయం, గాలిలో కొంత భాగాన్ని ఎవరికీ అమ్మకుండా అందరికీ వదిలేయడం. ఊరుమ్మడి చెరువు లాంటిది. స్పెక్ట్రమ్ వేలం అంటే వేల కోట్లు అని వార్తల్లో వింటాం కదా. వేలం వేయని ఈ ముక్క విలువ గురించి మాత్రం ఎవరూ హెడ్‌లైన్ పెట్టరు. దాన్ని కూడా అప్పుడే అమ్మేసి ఉంటే, వెలుగుని పక్కకి జరపడం డబ్బున్న స్టూడియోల సొత్తుగానే మిగిలేదని నా అభిప్రాయం.

ఉమ్మడి చెరువుకి ఉమ్మడి చిక్కులుంటాయి. ఐదు వందల మంది ఉన్న ఫంక్షన్ హాల్లో ఐదు వందల ఫోన్లు, వైఫై, బ్లూటూత్, అన్నీ అదే బ్యాండ్ చుట్టూ. పైగా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలని నీళ్లు పీల్చుకుంటాయి, మనిషి ఒళ్లు ఎక్కువ భాగం నీళ్లే. మండపం చుట్టూ మూగిన చుట్టాలంటే సిగ్నల్‌కి నీళ్ల గోడ. అందుకే ఫ్లాష్‌ని జనం తలల పైకి ఎత్తి పెడతారు. అది వెలుగు కోసమే కాదు, సిగ్నల్ కోసం కూడా.

ఇంకో చిక్కు మనవాళ్లకే ప్రత్యేకం. ఆడపెళ్లివారు ఒక టీమ్‌ని, మగపెళ్లివారు ఇంకో టీమ్‌ని పెట్టుకుంటారు. రెండు టీమ్‌ల దగ్గరా ఒకే కంపెనీ డబ్బా, రెండూ చానల్ ఒకటి మీద. అవతలి ఫోటోగ్రాఫర్ క్లిక్ చేస్తే మీ ఫ్లాష్ వెలుగుతుంది. జీలకర్ర బెల్లం క్షణానికి మీ ఫ్లాష్ చార్జ్ లేకుండా నిలబడుతుంది. చూశారా, బాబాయ్ స్లేవ్ ఫ్లాష్ కష్టమే మళ్లీ వేరే రూపంలో. పరిష్కారం ఒక్క మాటలో ఉంది: "అన్నా, మీది ఏ చానల్?" ముహూర్తానికి గంట ముందు అడిగితే చాలు. కొత్త డబ్బాల్లో చానల్‌తో పాటు ఐడీ నంబర్ కూడా పెట్టుకోవచ్చు. లైసెన్స్ లేని చోట పోలీస్ ఉండడు. మర్యాదే రూలు.

"మరి నా ఫోన్‌తో ఇది చేయొచ్చా" అని మీలో చాలామంది అడుగుతారని తెలుసు. కష్టం, కారణం కూడా చెప్తాను. ఫోన్‌లో షట్టర్ తెరలు ఉండవు. సెన్సర్ వరుస తర్వాత వరుసగా ఫోటోని చదువుతుంది. ఆ చదవడానికి పట్టే టైము ఫ్లాష్ మెరుపు కంటే చాలా ఎక్కువ. మెరుపు వచ్చిన టైములో ఏ వరుసలు తెరిచి ఉంటే వాటికే వెలుగు, ఫోటోలో ఒక చార మాత్రమే తెల్లగా వస్తుంది. అన్ని వరుసలూ ఒకేసారి తెరిచి ఉండాలంటే ఎక్స్‌పోజర్ టైము పెంచాలి, అప్పుడు చెయ్యి వణుకు. గోడాక్స్ 2017లో, స్వీడన్ కంపెనీ ప్రొఫోటో 2019లో ఫోన్ల కోసం ఫ్లాష్‌లు తెచ్చాయి. వాటి సొంత యాప్‌లో పనిచేస్తాయి, ఇంకా కెమెరాలంత సులువు కాలేదు. ఈలోపు మీరు చేయగలిగింది ఒకటుంది. ఫోన్ ఫ్లాష్ ఆపేయండి. ఇంకో ఫోన్ టార్చ్ వెలిగించి, ముందు తెల్ల కాగితం అడ్డం పెట్టి, ఫ్రెండ్‌ని పక్కగా, తల కంటే కాస్త పైకి పట్టుకోమనండి. ట్రిగ్గర్ లేదు, రేడియో లేదు, ఫోటో మాత్రం ఎంత మారుతుందో మీరే చూస్తారు.

రీస్ పెనం మీద మందు పోసి వెలిగించిన రోజు నుంచి ఇప్పటికి సుమారు 140 ఏళ్లు. కావలసింది మాత్రం మారలేదు: ఎదుటి మనిషి ముఖాన్ని చీకట్లో కూడా ఉన్నదున్నట్టు, గుండ్రంగా, బతికున్నట్టు చూపించడం. ఇప్పుడు దానికి ఇల్లు తగలబెట్టుకోనక్కర్లేదు, కిలోమీటరు వైరు పరవనక్కర్లేదు. మీ ఊళ్లో ఈ డబ్బా వాడే ఫోటోగ్రాఫర్ ఎవరైనా ఉంటే, ఫంక్షన్ అయ్యాక తీరిగ్గా ఒకసారి చూపించమని అడగండి. చాలామంది సంతోషంగా చూపిస్తారు. వచ్చే ఎపిసోడ్‌లో రీలు ఎలా కడిగేవారో, ఆ ఎర్ర లైటు గదిలో ఏం జరిగేదో మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటాను, నమస్తే.